ప్రసూతి ప్రయోజన నోటీసు

మహిళా ఉద్యోగులకు చట్టం ఇచ్చిన ప్రసూతి హక్కులను తెలియజేస్తూ భారతదేశంలో యజమాని తప్పనిసరిగా ఇవ్వాల్సిన సమాచారం. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం, సంస్థలో ఆడవాళ్లు పనిచేసే ప్రతి విభాగంలోనూ చట్టం, నియమాల సారాంశాన్ని అందరికీ కనబడే చోట, స్థానిక భాషలో ప్రదర్శించాలని నిర్దేశించింది. భాష గురించిన ఈ మాటే దీనికి ప్రాణం. కుట్టుమిషన్ల హాలు గోడకు ఇంగ్లిష్ కాగితం అంటిస్తే, తెలుగు మాత్రమే చదవగలిగిన కార్మికురాలికి ఆ గోడ ఖాళీగా ఉన్నట్టే.

2017 సవరణ సెలవును 12 నుంచి 26 వారాలకు పెంచింది. అప్పటికే ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ మంది పిల్లలున్నవారికి మాత్రం 12 వారాలే. అదే సవరణతో, ఉద్యోగంలో చేరేటప్పుడే ప్రతి మహిళకూ రాతపూర్వకంగా, ఎలక్ట్రానిక్ రూపంలో కూడా ఈ వివరాలు అందించడం తప్పనిసరైంది. ప్రసవానికి ముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలన్న షరతు, 50 లేదా అంతకంటే ఎక్కువ మంది ఉద్యోగులుంటే శిశు సంరక్షణ కేంద్రం, రోజుకు నాలుగుసార్లు బిడ్డను చూసివచ్చే వీలు, ఇవన్నీ ముందుగా తెలియాల్సిన సంగతులు. గర్భం దాల్చాక ఎవరిని అడగాలో తెలియక తిరిగే అవస్థ దీంతో తప్పుతుంది.

2020 సామాజిక భద్రతా స్మృతి నోటీసు ప్రదర్శించడం, ఉద్యోగంలో చేరేటప్పుడే తెలియజేయడం అనే ఈ రెండు బాధ్యతలనూ కొనసాగించింది. నిజామాబాద్ ప్రాంతంలో ఇంటి దగ్గరే బీడీలు చుట్టే మహిళలకు మాత్రం గోడమీది నోటీసు కంటపడే అవకాశమే తక్కువ.