పాదమా, పంక్తియా? పత్రికల పుటవిన్యాస అభ్యాసం, ఆధునిక కవితా పాఠపరిష్కరణ

పత్రికల్లో వెలువడిన తెలుగు సాహిత్యంపై జరిగిన పరిశోధన ప్రధానంగా సంపాదకులు, రచయితలు, ఉద్యమాల చుట్టూ నడిచింది. పుటను కూర్చిన చేతులకూ, అవి పని నేర్చుకొన్న తీరుకూ సాహిత్య చరిత్రలో దక్కిన చోటు తక్కువ. పుటవిన్యాసం కవితాపాఠాన్ని మార్చగలదు. కాబట్టి దానిని అభ్యసించడం సాహిత్య విద్యార్థికి పాఠపరిష్కరణ సాధనం కూడా అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

తాళపత్రాల్లో పద్యపాదాలను సాధారణంగా విడదీయకుండా ఆకు వెడల్పంతా నింపుతూ రాసేవారు. పాదానికొక పంక్తి అనే అలవాటు ముద్రణతో స్థిరపడింది. 20 అక్షరాల ఉత్పలమాల పాదాలను ఒకదాని కింద ఒకటి పేర్చినప్పుడు రెండవ అక్షరమైన ప్రాస చెవికే కాక కంటికీ తెలుస్తుంది. 6 ఇంద్రగణాలు, 2 సూర్యగణాలు గల సీసపాదాన్ని నాలుగేసి గణాల చొప్పున రెండు పంక్తులుగా అచ్చువేయడం ఛందోవిభజనకు అనుగుణమైనదే. ఇరుకైన కాలమ్‌లో ఈ పాదాలు మధ్యలో విరిగినా, ఛందస్సు తెలిసిన పాఠకుడు యతిప్రాసల ఆధారంతో వాటిని తిరిగి కలుపుకోగలడు.

వచనకవితకు ఆ రక్షణ లేదు. పఠాభి ‘ఫిడేలు రాగాల డజన్’ వెలువడిన 1939 నాటికే ఛందోబంధాన్ని వదిలిన కవిత పుటకెక్కింది. అటువంటి కవితలో పంక్తి ఎక్కడ ముగియాలో నిర్ణయించేది కవి. కాలమ్ వెడల్పు చాలక పంక్తి విరిగితే, ఆ విరుపు కవిదో కూర్పరిదో చెప్పే గణనియమం ఉండదు. పత్రికాప్రతి నుండి సంపుటం సిద్ధం చేసే సంపాదకుడికి ఎదురయ్యే మొదటి చిక్కు ఇదే.

ఈ చిక్కును విడదీయడానికి అచ్చుపని తెలియాలి. లెటర్‌ప్రెస్ కాలంలో దానికి బడి ముద్రాలయమే. 1874లో ప్రారంభమైన ‘వివేకవర్ధని’ మొదట చెన్నపట్నంలో అచ్చయింది. తరువాత వీరేశలింగం రాజమహేంద్రవరంలో సొంత ముద్రాలయం నెలకొల్పుకొన్నారు. సంపాదకుడికి, కంపోజిటరుకు మధ్య దూరం తగ్గితే ప్రూఫు దశలోనే పుటను సరిచూసే వీలు పెరుగుతుంది. కళాశాల వార్షిక సంచికను అచ్చుకు తీసుకువెళ్లిన విద్యార్థికి కూడా ముద్రాలయమే పాఠశాల. స్టిక్కు వెడల్పే పంక్తి వెడల్పు. పై పంక్తి వత్తులు, కింది పంక్తి గుడులు ఒకదానినొకటి ఒరుసుకోకుండా పంక్తుల నడుమ లెడ్డు పెట్టాలి. పంక్తి చివర మాటను విరవవలసివస్తే అక్షరం దగ్గర విరవాలి గాని సంయుక్తాక్షరాన్ని చీల్చరాదు. 16 పుటల ఫారంలో ఒకటవ పుట పక్కన 16, రెండవ పుట పక్కన 15 వస్తాయి. అంటే ప్రతి జంట మొత్తం 17. ఒక కవిత పుట దాటితే ఈ అమరిక అంతటినీ మళ్లీ చూసుకోవలసివస్తుంది. కవితను ఇరికించడం వెనుక ఉన్నది చాలా సందర్భాల్లో ఈ లెక్కే.

1985లో వచ్చిన పేజ్‌మేకర్, తరువాత తెలుగులో విస్తరించిన డీటీపీ ఈ అభ్యాసాన్ని కంప్యూటర్ తెరపైకి తెచ్చాయి. ఇక్కడ ఒక విశేషం గమనించాలి. కవి పంక్తిని ముగించినచోట ఆపరేటరు ‘ఎంటర్’ నొక్కుతాడు. కాలమ్ చాలక విరిగినచోట ఆ గుర్తు ఉండనవసరం లేదు. అచ్చులో ఒకేలా కనిపించే రెండు విరుపులు ఫైలులో వేరువేరుగా నిలిచి ఉండవచ్చు. కాని ఆనాటి ఫైళ్లు అధికభాగం అను వంటి ఫాంట్ల సొంత సంకేతాల్లో ఉన్నాయి. 1991లోనే తెలుగు యూనికోడ్‌లో చేరినా, ఆ ఫైళ్లను అందులోకి మార్చితే తప్ప వాటిలో మాట వెతకడం కూడా కష్టం. పుటల ఛాయాచిత్రాల నుండి పాఠాన్ని గుర్తించే యంత్రాలేమో అచ్చులోని ప్రతి పంక్తినీ పంక్తిగానే నమోదు చేయగలవు. కూర్పరి విరుపు కవి విరుపుగా స్థిరపడే ప్రమాదం ఇక్కడే ఉంది.

కాబట్టి పరిశోధకుడు మూడు పరీక్షలు చేయాలి. మొదటిది, విరిగిన పంక్తి కుడి అంచుదాకా వచ్చిందా అని అదే కాలమ్‌లోని వచనంతో పోల్చి చూడడం. అంచుకు ఎంతో ముందే ఆగితే అది కవి విరుపు కావడానికే అవకాశం ఎక్కువ. రెండవది, మిగిలిన భాగాన్ని లోపలికి జరిపి అచ్చువేశారా అని గమనించడం. అలా జరపడం అది కొనసాగింపని చెప్పే సంకేతం కావచ్చు. మూడవది, అదే కవిత వేరే వెడల్పులో అచ్చయిన ప్రతితో పోల్చడం. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ గీతాలు అధికభాగం 1930లలో రచించినవి, గ్రంథరూపం 1950 నాటిది. ఇటువంటి సంపుటాల విషయంలో గ్రంథపాఠంతో పాటు పత్రికాపుటనూ సాక్ష్యంగా తీసుకోవాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా నిర్ణాయకం కాదు. మూడూ ఏకీభవించినప్పుడు నిర్ణయానికి బలం చేకూరుతుంది.

ఈ పరీక్షల విలువ పుటను స్వయంగా కూర్చిన విద్యార్థికి త్వరగా బోధపడుతుంది. ఒకే కవితను ఒక కాలమ్‌లోను, రెండు కాలమ్‌ల పుటలోను కూర్చి చూపే అభ్యాసాన్ని తెలుగు శాఖల పాఠపరిష్కరణ పాఠ్యాంశంలో చేర్చడం అవసరం. విద్యార్థి సంచికలు ఉన్నచోట దీనికి ప్రత్యేక ప్రయోగశాల అక్కరలేదు. పత్రికల నుండి సంపుటాలు, సంపుటాల నుండి డిజిటల్ ప్రతులు తయారవుతున్న ఈ దశలో కవి పంక్తిని కాపాడే బాధ్యత సాంకేతిక నిపుణుడిదే కాదు, సాహిత్య విద్యార్థిది కూడా.