ఒక్కసారి ఆ ఉంగరం ఇయ్యన్నా

ఫిబ్రవరి 23 పి.సి. సర్కార్ పుట్టినరోజు. 1913లో పుట్టిన ఆ మహా ఇంద్రజాలికుడి పేరున మన దేశంలో మేజిక్ చేసేవాళ్లంతా ఏటా ఆ రోజు పండగ చేసుకుంటారు. నాకు మాత్రం ఆ తేదీ దగ్గరపడితే శివరాత్రి ముందు రోజుల మార్కాపురం, అక్కడ మా పెదనాన్న వేలి నుంచి ఊడివచ్చిన ఒక ఉంగరం గుర్తొస్తాయి.

గారడీ ఆయన తన సంచిలోంచి తీసిన బంతి మాయమైతే చప్పట్లు కొడతాం. మన పక్కనున్న మనిషి ఉంగరం మాయమైతే ఊపిరి బిగబడతాం. వస్తువుతోపాటు దాని యజమాని ప్రాణం కూడా ఆటలోకి వస్తుంది. అందుకే అడిగి తీసుకున్న ఉంగరంతో చేసే విద్యను నేను అన్నిటికంటే పైన పెడతాను.

మన పాత పుస్తకాల్లో గారడీకి కొదవలేదు. దండి దశకుమార చరితలో విద్యేశ్వరుడనే ఐంద్రజాలికుడు రాజు ఎదుటే రాజవాహనుడికీ అవంతిసుందరికీ పెళ్లి జరిపిస్తాడు. చూసినవాళ్లంతా గారడీ అనుకుంటారు, పెళ్లి మాత్రం నిజంది. పదమూడో శతాబ్దంలో కేతన ఆ కథను తెలుగు చేసి అభినవ దండి అనిపించుకున్నాడు. కొరవి గోపరాజు విక్రమార్కుడి కథల్లో ఇంద్రజాలికుడు భార్యను రాజుకు అప్పగించి ఆకాశానికెక్కి పోతాడు. విజయనగర కాలపు శాసనాల్లో విప్రవినోదులు కనిపిస్తారు. గారడీ వాళ్ల వృత్తి. ఊళ్లలో తమకు రావలసిన రాబడిని గుడికి రాసిచ్చిన ఉదారులు. ఇంతమందిలో ‘అయ్యా, మీ ఉంగరం ఒకసారి’ అని అడిగినవాడు నాకు తగల్లేదు. ఉంగరం పోవడం, దొరకడం మనకు శకుంతల కథలో ఉంది, పెళ్లిలో బిందె నీళ్లలో వధూవరులు వెతుక్కునే ఆటలో ఉంది. జహంగీర్ ఆత్మకథ పేరుతో 1829లో ఇంగ్లీషులో అచ్చయిన పుస్తకంలో బెంగాల్ గారడీవాళ్ల ఉంగరం ఒకటుంది. వేలు మార్చినప్పుడల్లా పొదిగిన రాయి మారిపోయేదట.

అంతకు చాలా ముందే, 1202లో, ఇటలీలోని పీసా నగరపు ఫిబొనాచీ తన లెక్కల పుస్తకంలో ఉంగరం ఆట ఒకటి రాశాడు. మార్కాపురం వాళ్లకు ఇది తప్పక చెప్పాలి, ఎందుకంటే దీనికి పలక కావాలి. మన గనుల రాతిపలకైతే మరీ మంచిది. కొందరు వరసగా కూర్చుంటారు. మీరు అటు తిరగ్గానే అందులో ఒకరు ఉంగరం పెట్టుకుంటారు. ఎవరు, ఏ వేలికి, ఏ కణుపు మీద అన్నది మీరు చెప్పాలి. నాలుగో మనిషి, మూడో వేలు, రెండో కణుపు అనుకుందాం. వాళ్లలో ఒకరిని పలక మీద లెక్క చేయమనండి. మనిషి సంఖ్యను రెట్టింపు చేస్తే 8. అయిదు కలిపితే 13. అయిదుతో గుణిస్తే 65. వేలు సంఖ్య కలిపితే 68. పది కలిపితే 78. పదితో గుణిస్తే 780. కణుపు కలిపితే 782. ఆ అంకె వినగానే మనసులో 350 తీసేయండి. 432 మిగులుతుంది. నాలుగు, మూడు, రెండు! పిల్లలు నా ముఖంకేసి చూసే చూపు కోసం ఈ లెక్క ఎన్నిసార్లు చేశానో.

ఇక ఆ శివరాత్రి. నేను అయిదో తరగతి. గిద్దలూరు, కంభం మీదుగా మీటరుగేజి రైలు నడిచే రోజులు. దోర్నాల దారిన శ్రీశైలం నడిచిపోయే భక్తులతో మార్కాపురం వీధులు నిండిపోయేవి. ఆ జనం కోసమే గారడీ ఆయన దిగాడు. బూడిదతో గిరి గీశాడు. డోలు వాయించే పిల్లవాడు, గంపలో ఒక ముంగిస. ‘గిరి దాటినోళ్లు రక్తం కక్కుకుంటారు’ అని బెదిరించి, నవ్వి, చుట్టూ చూశాడు. చూపు పెదనాన్న దగ్గర ఆగింది.

“అన్నా, ఒక్కసారి ఆ ఉంగరం ఇయ్యన్నా.”

పెదనాన్న పిడికిలి బిగించాడు. పెళ్లిలో మామగారు పెట్టిన ఉంగరం అది. అప్పటికి ముప్పై ఏళ్లుగా తీయలేదు. జనమంతా ఆయన్నే చూస్తున్నారు. ఇవ్వనంటే పిసినారి అంటారు, ఇస్తే ఏమవుతుందో. చివరికి లాగాడు. ఉంగరం కణుపు దగ్గర ఆగిపోయింది. భక్తుల్లో ఒకావిడ మూటలోంచి కొబ్బరినూనె సీసా తీసి రెండు చుక్కలు వేసింది. మెలితిప్పితే ఊడివచ్చింది. వేలి చుట్టూ తెల్లటి గాడి మిగిలింది. పెదనాన్న ఆ గాడిని రెండో చేత్తో కప్పుకున్నాడు.

గారడీ ఆయన ఉంగరాన్ని ఎర్ర గుడ్డలో చుట్టి నా చేతికిచ్చాడు. “పట్టుకో అబ్బయ్యా, ఉందా?” ఉంది. గుడ్డలోంచి గుండ్రంగా, గట్టిగా తగిలింది. పెదనాన్న చేతిలో ఉన్న సన్నటి ములుగర్రను అడిగి తీసుకుని, నడిమి పిడికిట్లో పట్టుకుని, చెరో కొసా ఇద్దరు రైతులకు అందించాడు. నా చేతిలోని గుడ్డను అట్లాగే కర్ర మీద కప్పించి, చెయ్యి తీశాడు. డోలు ఆగింది. “విడువు!” అంటూ గుడ్డ కొస పట్టి సర్రున లాగాడు. కర్ర మధ్యలో ఉంగరం గిరగిరా తిరుగుతోంది. రెండు కొసలూ మనుషుల చేతుల్లోనే ఉన్నాయి.

పెదనాన్న చప్పట్లు కొట్టలేదు. ముందు ఉంగరం లోపలి అక్షరాలు చూసుకున్నాడు. తొడుక్కున్నాక జేబులోంచి అయిదు రూపాయలు తీసి గిరిలో పెట్టాడు. ఆయన బతికున్నన్నాళ్లూ ఈ సంగతి చెప్పేవాడు. ఆ కథలో గారడీ ఆయన ముఖం ఉండేది కాదు. ‘నా ఉంగరం కర్రలోకి దూరింది’ అనేవాడు.

చాలా ఏళ్ల తర్వాత, హాఫ్‌మన్ అనే పేరుతో ఒక లండన్ లాయరు 1876లో అచ్చు వేయించిన ‘మోడర్న్ మేజిక్’ చూశాను. ఉంగరాల విద్యలకు అందులో ఒక అధ్యాయమే ఉంది. ఉంగరాన్ని బల్లలోంచి దాటించడం, చేతిరుమాల్లోంచి దాటించడం, ఇద్దరు పట్టుకున్న కర్ర నడుమకు చేర్చడం. చదువుతుంటే నా వేళ్లకు మళ్లీ ఆ ఎర్ర గుడ్డ తగిలింది. నేను పట్టుకున్నది గుడ్డ అంచులో ముందే కుట్టి ఉంచిన ఇంకో ఉంగరం. పెదనాన్నది అప్పటికే గారడీ ఆయన పిడికిట్లో కర్రకెక్కి కూర్చుంది. రహస్యం తెలిశాక నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. వందమంది కళ్లముందు, ఎండలో, నాలుగు వైపులా జనం ఉండగా, వేదికా తెరా లేకుండా చేశాడు.

తర్వాతి కాలం కథ ఒక దారిన నడవదు. విదేశాల్లో ముగ్గురి ఉంగరాలు అడిగి గొలుసులా కలిపే విద్య వచ్చింది. ఇక్కడ బి.వి. పట్టాభిరామ్ లాంటివాళ్లు మేజిక్‌ను చదువుకున్నవాళ్ల వేదికల మీదికి తెచ్చారు. 1988లో మొదలైన జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు ఊరూరా ఇలాంటి విద్యలు చేసి, వెంటనే కిటుకు విప్పి చెప్పారు. అది అవసరమైన పనే, నేనూ కూర్చుని చూశాను. మరోపక్క నగలకు మెరుగు పెడతామని ఇంటికొచ్చి బంగారం కరిగించుకుపోయేవాళ్లు తిరిగారు. పోలీసులు జాగ్రత్తలు చెప్పారు. ఊరికి కొత్తవాడి చేతిలో ఉంగరం పెట్టే అలవాటు పోయింది. 2025లో పది గ్రాముల బంగారం లక్ష రూపాయలు దాటాక ఇక అడిగే ధైర్యం ఎవరికుంటుంది? ఇప్పటి కుర్రాళ్లు సెల్‌ఫోన్ అడుగుతున్నారు.

మొన్న గిద్దలూరులో పెళ్లికి వెళ్తే, భోజనాల ముందు పిల్లల కోసం మేజిక్ చేసే అబ్బాయిని పిలిపించారు. “ఎవరైనా ఫోన్ ఇస్తారా?” అన్నాడు. “ఉంగరంతో రాదా?” అని నేనే అడిగాను. వచ్చన్నాడు గానీ, ఎవరిస్తారన్నట్టు చూశాడు. పందిట్లో చేతులన్నీ ఒళ్లోకి చేరాయి. నా పక్కన మా అన్న కూర్చున్నాడు. పెదనాన్న ఉంగరం ఇప్పుడు ఆయన వేలికే ఉంది. కాసేపు దాన్ని తిప్పుతూ కూర్చుని, లేచి నిలబడి లాగాడు. కణుపు దగ్గర ఆగిపోయింది.

“ఎవరన్నా రెండు చుక్కలు నూనె తెండమ్మా,” అని వంటవాళ్ల వైపు కేకేశాడు.