పెకాన్ తోటలలో పురుగుల కాపు



మామిడితోటకు కాపున్నవాడు కోతిని కాచును, చిలుకను కాచును, దొంగను కాచును. పురుగును కాచుట యెట్లు? అది కంటబడునప్పటికి కాయలోని సరుకు సగము దాని పాలై యుండును. ఈ చిక్కు విప్పుకొనుటకై అమెరికా దేశపు పెకాన్ రైతులు నూరేండ్లకు పైగా పడిన పాట్లను నేడు మీకు మనవి చేయుచున్నాను.

పెకాన్ అనునది అక్రోటు కుటుంబమునకు చెందిన మహావృక్షము. మిసిసిపీ నదీతీరములును, టెక్సాసు, ఉత్తర మెక్సికో ప్రాంతముల యేటి యొడ్డులును దాని పుట్టినిల్లు. తాత నాటిన చెట్టు మునిమనుమనికి సైతము కాయలిచ్చును. కాయ కోలగా నుండును. లోని పప్పు నూనెగలది, మిక్కిలి కమ్మనిది. 1528లో ఓడ పగిలి టెక్సాసు తీరమునకు కొట్టుకొని వచ్చిన కబేసా ద వాకా అను స్పెయిన్ దేశస్థుడు, అచ్చటి ఆదిమజనులు ఏటి యొడ్డున విడిసి రెండు మాసములపాటు ఈ కాయలతోనే కడుపు నింపుకొనుట చూచి వ్రాసియుంచెను. ఈ చెట్లు ఏటేట కాయవనియు, ఏడు విడిచి ఏడు కాయుననియు కూడ అతడు గుర్తించెను. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. దానితో మరల పని యున్నది.

అడవిచెట్టును తోటచెట్టుగా మార్చినవాడు ఒక బానిస. లూసియానాలో ఓక్ అల్లీ అను చెరకుతోట యందలి తోటమాలి ఆంట్వాను 1846–47 శీతకాలమున పదునారు చెట్లకు మేలిరకపు కొమ్మల నంటుగట్టి కృతార్థుడయ్యెను. ఆ రకము 1876లో ఫిలడెల్ఫియా శతవార్షిక ప్రదర్శనమున ప్రశంస నంది, సెంటెన్నియల్ అను పేరు గడించెను. అంటుగట్టినవాని పేరు మాత్రము యజమానుని ఆస్తిపట్టికలో, వెలతో సహా, సరుకుల నడుమ నిలిచినది. టెక్సాసు గవర్నరుగా నుండిన జేమ్సు హాగ్ 1906లో మరణించుటకు ముందు, తన సమాధిపై రాయి వలదనియు, తలవైపున పెకానును, కాళ్లవైపున అక్రోటును నాటి వాని కాయలు ప్రజలకు పంచుడనియు కోరెను. 1919లో పెకాన్ ఆ రాష్ట్రపు అధికార వృక్షమయ్యెను.

ఇక పురుగుల మాట. అడవిలో చెట్టు ఏడు విడిచి ఏడు కాయుట పురుగునకు శిక్ష. కాపులేని యేట తిండి దొరకక దాని సంతతి తరిగిపోవును. విరగకాసిన యేట మిగిలిన కొద్ది పురుగులు కాయలన్నిటిని తినజాలవు. రైతు వచ్చి, ఎరువు వేసి, నీరు పెట్టి, ఏటేట కాపు నిలుపవలెనని పాటుపడెను. పురుగు కోరునదియు సరిగా అదియే!

మొదట సీసమును పాషాణమును కలిసిన మందు చల్లిరి. రెండవ ప్రపంచ సంగ్రామానంతరము డి.డి.టి. మొదలగు క్రొత్త విషములు వచ్చినవి. పంచాంగములో తిథి చూచినట్లు తేదీ చూచి పిచికారి చేయుట అలవాటయ్యెను. పెకాన్ ఆకులను పీల్చు పేనుబంకను అక్షింతల పురుగులు తినుచుండును. మందు ఆ మిత్రులను చంపెను. పేనుబంక మరల పుట్టి మునుపటికంటె దట్టముగా వ్యాపించి, ఆకులపై జిగట కార్చి మసి పట్టించెను. దానికి మరియొక మందు. 1972లో అమెరికా ప్రభుత్వము డి.డి.టి. వాడుకను చాలవరకు నిషేధించినది. 1980 తరువాత గుంటూరు, ప్రకాశము జిల్లాల ప్రత్తిరైతులు తెల్లదోమ చేత పడిన యాతన నెఱిగిన పెద్దలకు ఈ కథను విస్తరించి చెప్ప నక్కరలేదు.

కావున చూచి కొట్టుటయే గతి యని తేలినది. ఐతే ఎక్కడ చూడవలెను? ఎప్పుడు చూడవలెను?

ముక్కుపురుగును చూడుడు. ఇది మన బియ్యములోని ముక్కుపురుగునకు దూరపు చుట్టము. కాని ఆడుదాని ముక్కు దాని శరీరమంత పొడవుండును. ఆ ముక్కుతో పెంకునకు తూటు పొడిచి పప్పులో గ్రుడ్లు పెట్టును. పిల్లపురుగులు పప్పు తిని, పెంకునకు గుండ్రని రంధ్రము చేసికొని నేలకు రాలి, నాలుగు మొదలు పండ్రెండంగుళముల లోతున మట్టిలో గది కట్టుకొనును. వానిలో హెచ్చుభాగము రెండవ యేటి వేసవి చివర బయటికి వచ్చును. కొన్ని మాత్రము మూడవ యేటి దాక వేచియుండును. ఒక యేడు కాపు తప్పినను వంశము నిలుపుకొనుటకు ఇంతకంటె యుక్తి యేమి కావలెను?

ఆగష్టు, సెప్టెంబరు మాసములలో వాన కురిసి నేల మెత్తబడినప్పుడే అది సులువుగా పైకి రాగలదు. వాన లేక బంకమన్ను గట్టిపడినచో లోపలనే బందీయై యుండి, తడి తగిలిన కొలది దినములకు దండుగా వెలువడును. తేదీని నమ్ముకొనినవాని మందు వట్టి చెట్టుపై పడి వ్యర్థమగుట ఇందువలననే. పూర్వము కొమ్మ క్రింద దుప్పటి పరచి, కొమ్మను దులిపి, రాలిన పురుగుల నెంచుచుండిరి. పిమ్మట ఇనుపవలతో గరాటు చేసి చెట్టు క్రింది నేలపై బోర్లించిరి. మట్టి నుండి లేచిన పురుగు పైకి ప్రాకి డబ్బాలో చిక్కును. వెలువడిన ముక్కుపురుగులలో అనేకము మ్రాను పట్టుకొని పైకి ప్రాకుట గమనించి, కాన్సస్ రాష్ట్రపు రైతు సర్కిల్ అను నాతడు మ్రానుకే వల చుట్టెను. అతని పేరిటనే అది నేటికిని సర్కిల్ బోను అని పిలువబడుచున్నది. శాస్త్రజ్ఞుల పరికరముల నడుమ ఒక రైతు పేరు నిలుచుట నాకు మిక్కిలి ముచ్చటగా నున్నది.

కాయతొలుచు పురుగు తీరు వేఱు. చలికాలమంతయు మొగ్గ మొదట చిన్న పట్టుగూటిలో దాగి, వసంతమున చిగురు తొలిచి, రెక్కల పురుగై, మే మాసమున లేతపిందె కొనయందు గ్రుడ్డు పెట్టును. నాలుగైదు దినములలో గ్రుడ్డు పగులును. పుట్టిన పురుగు ముందు మొగ్గను మేసి, పిదప పిందెను తొలిచి లోపలికి పోవును. ఒక్క పురుగు గుత్తి నంతయు చెఱుపగలదు. లోన జొచ్చిన పిదప మందు దాని నంటదు. ఏటి కష్టమంతయు ఈ కొలది దినముల మీద ఆధారపడియుండును.

చిత్రమేమనగా, ఇంత నష్టము చేసిన పురుగునకు 1970 దాక శాస్త్రమున సొంత పేరైనను లేదు; వేఱు జాతి పేరనే చెలామణి యయ్యెను. 1983లో టెక్సాసు పండితులు వసంతపు వేడిమిని దినదినము కూడుకొనుచు వచ్చి, పురుగు ఎప్పుడు లేచునో ముందుగా లెక్కగట్టు విధానమును ప్రకటించిరి. 1996లో ఆడుపురుగు మగదానిని పిలుచు వాసన యేదో కనిపెట్టబడినది. మన ప్రత్తిచేలలోని లింగాకర్షక బుట్టల వంటివి పెకాన్ తోటలకును వచ్చినవి. ఐనను మెక్సికో పురుగులు ఆ వాసనకు రాలేదు! వాని పిలుపు కొంత వేఱని తెలిసి, మరియొక యెరను సిద్ధపరచవలసి వచ్చెను.

బుట్టలో పడునది మగపురుగు మాత్రమే. గ్రుడ్లు పెట్టునది ఆడుది. మొదటి మగపురుగు చిక్కిన తరువాత సుమారు రెండు వారములకు పిందెలలో పురుగు జొచ్చుట ఆరంభమగును. అంతకు ముందే రైతు భూతద్దము చేతబట్టి తోటలో ప్రవేశించి, చెట్టునకు పది గుత్తుల చొప్పున పిందె కొనలను త్రిప్పి చూచును. గ్రుడ్డు తెల్లగా నున్నచో ఇంకను వ్యవధి యున్నది. గులాబిరంగు తిరిగినచో పొదుగుటకు సిద్ధముగా నున్నది. పది గుత్తులలోను ఏమియు కానరానిచో, మందు జోలికి పోక తరువాతి చెట్టు కడకు నడచును.