ఓరుగల్లులో రూకకి భోజనం

ఓరుగల్లు పూటకూళ్ళ ఇంట్లో ఒక్క రూక ఇస్తే విస్తట్లో ఏమేం పడేవో మనకి తెలుసు. వినుకొండ వల్లభరాయుడి పేరు మీదున్న క్రీడాభిరామంలో ఆ జాబితా ఉంది. (అది శ్రీనాథుడే రాశాడని వాదించేవాళ్ళూ ఉన్నారు. ఆ గొడవ మనకొద్దు.) మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు కాకతీయుల రాజధానిలో ఒక రోజంతా తిరుగుతూ చూసినవన్నీ చెప్పుకుంటారు. భోజనం సంగతి వచ్చేసరికి లక్ష్మణవజ్ఝల ఇంటి వంట ఏకరువు పెడతారు: కప్పురభోగి అన్నం, గోధుమపిండి వంటకం, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. అన్నీ కలిపి రూక.

నాకు నచ్చింది ఆ "అన్నీ కలిపి". నెయ్యికి వేరే, పెరుగుకి వేరే అని లేదు. పద్యం కాబట్టి చిట్టాపద్దులా పట్టుకోనక్కర్లేదు గానీ, కవి అలా చెప్పాడంటే వినేవాళ్ళకి అది వింతగా తోచలేదన్నమాట. సురవరం ప్రతాపరెడ్డి గారు 1949లో వచ్చిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో ఈ పుస్తకాన్ని బాగా వాడుకున్నారు. రాజుల యుద్ధాల కన్నా మనుషులు ఏం తిన్నారో, దేనికెంత ఇచ్చారో తెలుసుకోవాలనుకునే నాలాంటి వాళ్ళకి అది పండగే.

పూటకూళ్ళంటే పూటకింత అని డబ్బు తీసుకుని అన్నం పెట్టడం. తర్వాతి కాలంలో దిక్కులేని ఆడవాళ్ళు ఎందరికో అదే బతుకుతెరువు అయింది. కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మని మర్చిపోలేం కదా. అక్కడ మోసపోయింది ఆవిడే. సంతలో సామాన్లు తెస్తానని ఇరవై రూపాయలు పట్టుకెళ్ళి గిరీశం వేరే సరదాలకి ఖర్చు పెట్టేశాడు.

ముందు చెప్పిన ధరకి కట్టుబడటం పూటకూళ్ళ ఇళ్ళ మర్యాదే కాదు, ఓరుగల్లు రాజు రాతి మీద చెక్కించిన మాట కూడా. ఇప్పటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి అప్పట్లో పెద్ద రేవు. తుఫానుకి ఓడలు ఒడ్డుకి కొట్టుకొస్తే అందులో సరుకంతా పాత రాజులు లాక్కునేవారు. 1244లో గణపతిదేవుడు అక్కడ అభయశాసనం వేయించాడు. ప్రాణానికి తెగించి సముద్రం మీద వచ్చేవాళ్ళ దగ్గర నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోబోమన్నాడు. ఆ సుంకం ముప్పయ్యో వంతు. చందనం, కర్పూరం, పన్నీరు, ముత్యాలు, పగడాలు, మిరియాలు... ఏ సరుకుకి ఎంతో అందులోనే ఉంది. ఊరూ భాషా తెలియని మనిషి ఒడ్డున దిగగానే తాను ఇవ్వాల్సిందేమిటో తెలుసుకోవచ్చు.

బ్రిటిషు ఇండియాలో 1867 సరాయిల చట్టం కూడా ఇలాంటి మాటే చెప్పింది. సరాయి నడిపేవాడు వసతికి ఎంత తీసుకుంటాడో పట్టిక కట్టాలి, అది ఏయే భాషల్లో ఉండాలో జిల్లా మేజిస్ట్రేటు చెప్తాడు. మనం నిజాం రాజ్యంలో ఉన్నాం కాబట్టి ఆ చట్టం వరంగల్ దాకా రాలేదు.

ఇక ఈ కాలానికి వద్దాం. పోయిన దసరా సెలవుల్లో మా ఆడపడుచు వాళ్ళు నలుగురు రామప్ప, వేయిస్తంభాల గుడి చూడ్డానికి వచ్చారు. మా ఇల్లు ఇరుకని ఫోన్లోనే గది తీసుకున్నారు. భద్రకాళి చెరువు కనిపించే గది, 1,499 రూపాయలు అని ఫొటోతో సహా ఉంది. డబ్బు కట్టేటప్పుడు పన్ను 75, "కన్వీనియెన్స్ ఫీజు" 150 కలిశాయి. తీరా లాడ్జి కౌంటర్ దగ్గర పిల్లల పరుపుకి 500, ఏసీ రిమోట్ ఇవ్వడానికి 300 అన్నారు. మొత్తం 2,524. కిటికీ తెరిస్తే చెరువు లేదు, పక్క బిల్డింగు గోడ ఉంది. రాత్రి తొమ్మిదింటికి, నిద్రపోతున్న పిల్లల్ని భుజాన వేసుకుని ఎవరు పోట్లాడతారు? ఆ అలసట మీదే వాళ్ళ లెక్క నడుస్తుంది. ఆ వెయ్యి రూపాయలు పిల్లలకి లక్నవరం చూపించడానికి దాచుకున్నవని మా ఆడపడుచు తర్వాత చెప్పింది. లక్నవరం వెళ్ళలేదు.

ఇందులో ప్రభుత్వానిది పన్ను ఒక్కటే. రోజుకి 7,500 రూపాయల దాకా ఉన్న గదికి 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతం. మిగతాది ధరని చుక్క చుక్కగా బయటపెట్టడం. దాన్ని ఇంగ్లీషులో డ్రిప్ ప్రైసింగ్ అంటారట. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ నిషేధించిన పదమూడు "డార్క్ ప్యాటర్న్స్"లో ఇదొకటి. ఒకటి చూపించి ఇంకొకటి అంటగట్టడమూ ఆ జాబితాలో ఉంది. హోటల్ బిల్లులో అడక్కుండా సర్వీస్ ఛార్జి వేయకూడదని అదే సంస్థ 2022 జులైలో చెప్పింది. హోటళ్ళవాళ్ళు కోర్టుకెళ్తే 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మాటే నిలబెట్టింది. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళేవాళ్ళకి ఇంకో సంగతి. అక్కడ 2025 మే 12 నుంచి హోటళ్ళు, అద్దె గదులు తప్పనిసరి ఫీజులన్నీ కలిపిన ధరనే ముందు చూపించాలి. "రిసార్ట్ ఫీజు" అని చివర్లో తగిలించడం కుదరదు.

ఫోన్లో బుక్ చేశాక నేనైతే లాడ్జికే ఒకసారి ఫోన్ చేస్తాను. పన్నుతో మొత్తం ఎంత, పిల్లల పరుపు, ఏసీ, వేడినీళ్ళు అందులోనే ఉన్నాయా అని అడిగి, అదే వాట్సాప్‌లో రాసి పంపమంటాను. మొదట చూపించిన ధర, ఫొటో స్క్రీన్‌షాట్ తీసి దాచుకుంటాను. బిల్లు మాత్రం కావాలి, పెన్నుతో రాసిందైనా పనికొస్తుంది. ఇవి చేతిలో ఉంటే 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వొచ్చు, తెలుగులో కూడా మాట్లాడతారు. మా ఆడపడుచు దగ్గర స్క్రీన్‌షాట్ ఉంది, బిల్లు ఉంది. నిన్ననే ఫోన్ చేసింది.