బియ్యం ఏరిన చేతుల ఎరుక

నారాయణఖేడ్ చరిత్ర గురించి మాట్లాడుకోవాలంటే ముందు ఒక సరిహద్దును చెరిపి చూడాలి. 1956 నవంబర్ 1 దాకా ఈ తాలూకా బీదర్ జిల్లాలోది. ఆ రోజు బీదర్ మైసూరు రాష్ట్రానికి పోయింది, నారాయణఖేడ్ ఆంధ్రప్రదేశ్‌కు వచ్చి మెదక్‌లో కలిసింది. 2016 నుంచి సంగారెడ్డి జిల్లాలో ఉంది. తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ కలిసి బతికే చోట భాష పేరుతో గీసిన గీత అది. అది నేలతో పాటు జ్ఞాపకాన్నీ పంచింది. ఆ పంపకంలో మన వాటాకు సరిగా రానిది ఒకటుంది. బీదర్‌కు పడమటనున్న కళ్యాణంలో, అంటే నేటి బసవకళ్యాణ్‌లో, 12వ శతాబ్దపు శరణ స్త్రీలు చేసిన ఆధ్యాత్మిక అన్వేషణ.

దాన్ని ఇప్పుడెందుకు తవ్వడం? ఎందుకంటే మనశ్శాంతి ఈనాడు ఒక సరుకు. శిబిరాలు, పుస్తకాలు, సెల్‌ఫోన్ ఆప్‌లు అన్నీ చెప్పేది ఒకటే: కళ్ళు మూసుకో, ఊపిరిని గమనించు, నువ్వు మారితే ప్రపంచం శాంతిస్తుంది. ఇందులో మేలు లేదని కాదు. కానీ తెల్లవారుజామున వాకిలి ఊడ్చినప్పటి నుంచి రాత్రి గిన్నెలు తోమేదాకా పనిలో ఉండే ఆడదానికి కళ్ళు మూసుకునే ఆ ఇరవై నిమిషాలు ఎవరిస్తారు? ఆ కాసేపూ ఆమె పని ఎవరు చేస్తారు?

కళ్యాణపు స్త్రీలు ఈ ప్రశ్నకు తమ పనిలోనే జవాబు వెతుక్కున్నారు. కన్నడంలో వాళ్ళు 'అరివు' అన్నది మన 'ఎరుక'కు తోబుట్టువే. దాన్ని 'కాయకం' నుంచి, అంటే ఒళ్ళు వంచి చేసే పని నుంచి, వాళ్ళు విడదీయలేదు. వచనాలు చెప్పిన స్త్రీలు ముప్పై మందికి పైగా ఉన్నారు. కదిరె రెమ్మవ్వ రాట్నం వడికేది. సత్యక్క వాకిళ్ళు ఊడ్చేది. సూళె సంకవ్వ వేశ్యావృత్తిలో ఉన్న స్త్రీ. ఆమెది ఒక్క వచనమే మిగిలింది. అందులో తన వృత్తిలో మాట తప్పకపోవడాన్నే ఆమె నిష్ఠగా నిలబెట్టింది.

ఆయ్దక్కి లక్కమ్మ కథ చూడండి. భర్త మారయ్య బసవన్న ఇంటి ముంగిట రాలిన బియ్యం ఏరుకొచ్చేవాడు. ఒకనాడు రోజూ కంటే ఎక్కువ తెచ్చాడు. లక్కమ్మ వాటిని వండలేదు. ఈ ఆశ మనకెక్కడిదని నిలదీసి, ఎక్కువైనవి తిరిగి పోసి రమ్మంది. చేటలో గింజలు చూడగానే కొలత తెలిసే గృహిణి చూపు అది. ఆ చూపే ఆమెకు ధ్యానం. ఇతరుల వాటా మన ఇంట్లోకి వచ్చిందేమోనని రోజూ చూసుకోవడం కంటే శాంతికి పెద్ద సాధన ఏముంటుంది?

అలాగని కళ్యాణాన్ని స్త్రీల స్వర్గంగా చూపడం అన్యాయమే. అక్కమహాదేవి ఆ సభలో అడుగుపెట్టినప్పుడు అల్లమప్రభువు వేసిన ప్రశ్నలు ఆమె భర్త గురించీ, ఒంటిని కప్పుకున్న జుట్టు గురించీ. 15వ శతాబ్దంలో కూర్చిన శూన్యసంపాదనె ఈ సంవాదాన్ని చెబుతుంది. విముక్తి మాట్లాడుకునే చోట కూడా ఆడదాని శరీరమే ముందు సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. ఆమె చెప్పుకుంది, తర్వాత శ్రీశైలం దారి పట్టిందంటారు.

కళ్యాణం కూలింది కూడా ఒక పెళ్ళి మీదే. మాదిగ హరళయ్య కొడుక్కూ బ్రాహ్మణ మధువరసు కూతురికీ పెళ్ళి జరిగిందనీ, బిజ్జలుడు తండ్రులిద్దరికీ ఘోరమైన మరణశిక్ష వేశాడనీ సంప్రదాయం చెబుతుంది. తర్వాత బిజ్జలుడు హతుడయ్యాడు, శరణులు చెల్లాచెదరయ్యారు. ధ్యానం చేసుకుంటున్నంత కాలం ఏ రాజ్యానికీ అభ్యంతరం ఉండదు. ఆ ధ్యానం కులం గడప దాటి పిల్లనిచ్చి పుచ్చుకునేదాకా వస్తేనే కత్తి లేస్తుంది. చరిత్ర మాత్రం ఇద్దరు తండ్రుల పేర్లనే గట్టిగా గుర్తుపెట్టుకుంది.

13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు బసవన్నను ద్విపదలో తెలుగువాళ్ళ ఇంటికి తెచ్చాడు. అది గొప్ప పనే. కానీ బసవపురాణంలో మనకు గుర్తుండిపోయిన స్త్రీలు ముగ్ధభక్తులు: శివుడికి తల్లి లేదని జాలిపడి తానే తల్లి అయిన బెజ్జమహాదేవి, శివుడు పాలు తాగలేదని తల్లడిల్లిన చిన్నపిల్ల గొడగూచి. అమాయకత్వం మన దాకా వచ్చింది. వాదించిన లక్కమ్మ, లెక్క అడిగిన సంకవ్వ గీత అవతలే ఉండిపోయారు.

ఇక శాంతి. నారాయణఖేడ్ ఏ బీదర్ నుంచి విడివడిందో ఆ జిల్లా 1948లో రెండు హింసలు చూసింది. మొదట రజాకార్లది. సెప్టెంబర్‌లో పోలీసు చర్య తర్వాత ముస్లింల మీద జరిగినది రెండోది. ఆ ఏడాది చివర్లో పర్యటించిన సుందర్‌లాల్ కమిటీ రాష్ట్రమంతటా తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారంది. అత్యధికంగా దెబ్బతిన్న నాలుగు జిల్లాల్లో బీదర్ ఒకటి. అత్యాచారాలనూ, బావుల్లో దూకిన స్త్రీలనూ ఆ నివేదిక ప్రస్తావించింది. దాన్ని ప్రభుత్వం దశాబ్దాల పాటు బయటపెట్టలేదు.

వచనాలు పుట్టిన నేల మీదే ఇది జరిగింది. పవిత్రమైన గతం దానంతటది ఎవరినీ కాపాడదని దీని అర్థం. లక్కమ్మ గింజల్ని చూసిన చూపుతో ఆ నివేదికనూ చూడాలి. ఎంత తీసుకున్నాం, ఎవరిది తీసుకున్నాం, ఏం తిరిగి ఇవ్వాలి? బావులలోని మౌనాన్ని శాంతి అని పిలవకుండా ఉండడం దగ్గరే ఆ పని మొదలవుతుంది. అందుకు మన బడుల్లో, మన సంఘాల్లో, గీతకు ఇవతల కూడా శరణ స్త్రీల వచనాలు తెలుగులో చదువుకోవాలి. వాళ్ళు కన్నడంలో మాట్లాడారు, నిజమే. చేటలో బియ్యం చూసే చూపుకు మాత్రం ఆ గీత అడ్డురాదు.