ఖాజాగూడ దారులు: రాయి, తారు, నీరు

హైదరాబాదు నగరమునకు పశ్చిమమున, రాయదుర్గము, నానక్‌రామ్‌గూడలకు పొరుగున ఉన్న ఖాజాగూడ ఒకనాడు గుట్టల నడుమ చెరువుగల చిన్న పల్లె. 1998లో మాదాపురమున సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఈ ప్రాంతమంతయు త్వరితగతిని మారిపోయినది. ఇచట స్థలము కొనదలచినవారు మొట్టమొదట చూచునది దారి. నల్లగా నిగనిగలాడు రోడ్డు కనబడినచో స్థలము అభివృద్ధి చెందినదని తలచుట పరిపాటి. కాని ఆ నలుపు కొద్ది సెంటీమీటర్ల పూత మాత్రమే. ఆ పూత క్రింద ఏమున్నది, వానపడినప్పుడు నీరు ఎటు పోవును అను రెండు విషయములే దారి ఆయుర్దాయమును నిర్ణయించును. రహదారి నిర్మాణశాస్త్ర చరిత్రలో అధికభాగము ఈ రెండు ప్రశ్నల చుట్టును తిరిగినదే.

ప్రాచీన రోమనులు పెద్దరాళ్లను పునాదిగా పేర్చి మిక్కిలి మందమైన దారులు నిర్మించిరి. బరువును మోయునది రాళ్ల దళసరియే అని చాలకాలము జనులు నమ్మిరి. ఈ నమ్మకమును మార్చినవాడు స్కాట్లండు దేశీయుడగు జాన్ లౌడన్ మకాడమ్ (1756–1836). ఇతడు 1816లో బ్రిస్టల్ ప్రాంతపు దారులకు పర్యవేక్షకుడయ్యెను. బండ్ల బరువును నిజముగా మోయునది అడుగుననున్న నేలయేననియు, ఆ నేల పొడిగా ఉన్నంతకాలము ఎంత బరువునైనను మోయగలదనియు ఇతడు వాదించెను. కావున దారిని చుట్టుప్రక్కల నేలకంటె ఎత్తుగా ఉంచి, నడుమ ఉబ్బుగాను అంచుల వైపు వాలుగాను చేసి, చిన్నచిన్న కోణపురాళ్లను పరపించెను. కోణపురాళ్లు ఒకదానిలో ఒకటి ఇరుకుకొని గట్టిపడును. మనము కంకరరోడ్డు అని పిలుచునది ఈ పద్ధతికి చెందినదే.

ఇనుప కమ్ములుగల బండిచక్రములు రాళ్లను నలిపి పొడిచేయగా, ఆ పొడి సందులను పూడ్చి దారిని బిగించుచుండెడిది. మోటారుబండ్లు వచ్చుటతో కథ మారినది. వేగముగా తిరుగు రబ్బరు టైరు ఆ పొడిని పైకి లేపి గాలికి వదలివేయును, రాళ్లు ఊడిపోవును. ఇందుచేత రాళ్లను అంటిపెట్టు జిగురు ఒకటి అవసరమయ్యెను. బొగ్గునుండి లభించు తారును కంకరతో కలుపు పద్ధతికి ఇంగ్లండులో ఎడ్గార్ పర్నెల్ హూలీ 1902లో పేటెంటు పొందెను. దీనికి ముందే, సహజముగా లభించు అస్ఫాల్టును 1854లో పారిసు వీధులకును, 1870లో అమెరికాలోని నెవార్కు (న్యూజెర్సీ) నగరమునను వాడియుండిరి. ఈ పదార్థము క్రొత్తదేమియు కాదు. మొహెంజొదారోలోని మహాస్నానవాటికలో నీరు ఇంకిపోకుండుటకు వాడినది ఈ జాతి పదార్థమునే. నేడు దారులకు వాడు బిటుమెన్ ముడి పెట్రోలియమును బట్టీపట్టగా అడుగున మిగులు పదార్థము. వాడుకలో దీనినికూడ తారు అనియే అందురు కాని, బొగ్గుతారు వేరు, బిటుమెన్ వేరు.

హైదరాబాదు చరిత్రలో ఇంకొక అధ్యాయము గలదు. 1908 సెప్టెంబరులో వచ్చిన మూసీ వరద తరువాత, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడినది. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో నగరపు ప్రధాన వీధులు కొన్నింటిని సిమెంటు కాంక్రీటుతో నిర్మించిరి. ఆనాటి హైదరాబాదు సంస్థానములోని షాబాదులో సున్నపురాయియు, సిమెంటు కర్మాగారమును ఉండుట ఇందుకు అనుకూలించినది. కాంక్రీటుదారి బిగువైన పలకవంటిది. చక్రము బరువును విశాలమైన నేలపై పంచును. తారుదారి కొంత వంగు స్వభావము గలది. బరువును పొరపొరగా క్రిందికి అందించును. కావున అడుగునేల మెత్తనైనచో తారుదారికి కలుగు కీడు అధికము.

ఇక ఖాజాగూడ నేలను చూతము. ఇచటి గుట్టలు సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటి గ్రానైటు శిలలు. ఈ శిల వాతావరణ ప్రభావమున శిథిలమై మొరముగా మారును. మొరమును తగిన తడితో రోలరుచే అణచినచో దారికి మంచి ఆధారము. కాని చెరువు దాపున, పల్లపు భూములలో బంకమన్నును, తెచ్చిపోసిన మన్నును ఉండవచ్చును. పైకి రెండు స్థలములును ఒకేవిధముగా కనబడును. వీని తేడాను తెలిసికొనుటకు కాలిఫోర్నియాలో 1920వ దశకపు చివర ఓ. జె. పోర్టర్ రూపొందించిన పరీక్ష నేటికిని వాడుకలో ఉన్నది. అణచిన మట్టిని నాలుగు దినములు నీట నానవేసి, దానిలోనికి ఇనుపకడ్డీని దిగవేయుటకు ఎంత బలము కావలెనో కొలుతురు. నానవేయుటలోనే ఈ పరీక్ష మర్మమున్నది: దారికి పరీక్ష ఎండాకాలమున కాదు, వానాకాలమున.

గ్రానైటుకు ఇంకొక గుణమున్నది. ఇందు సిలికా అధికము. సిలికా గల రాయికి బిటుమెన్ కంటె నీటియందు మక్కువ ఎక్కువ. పూతలోనికి నీరు చొరబడినచో అది రాతిని అంటుకొని, తారుపొరను మెల్లగా ఒలిచివేయును. కంకర విడిపోయి గుంత పడును. ఈ కీడును తగ్గించుటకు మిశ్రమములో తడిసున్నపు పొడిని, లేదా అంటును పెంచు ఇతర రసాయనములను కలుపుదురు. ఎంత మంచి మిశ్రమమైనను, మీటరు వెడల్పునకు రెండు రెండున్నర సెంటీమీటర్ల వాలు లేక, ప్రక్కన కాలువ లేక నిలువలేదు.

నీటి తరువాతి శత్రువు బరువు. 1958–60 సంవత్సరములలో అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున ప్రత్యేకముగా నిర్మించిన దారులపై లారీలను నడిపి పరీక్షించిరి. ఇరుసుపై బరువు రెట్టింపైనచో దారికి కలుగు నష్టము రెట్టింపు కాదు, సుమారు 16 రెట్లగునని తేలినది. ఈ లెక్కన 10 టన్నుల లారీ ఇరుసు ఒక్కసారి పోయినచో, అరటన్ను కారు ఇరుసు ఒక లక్షా 60 వేల సార్లు పోయినంత అరుగుదల. స్థలములు అమ్ముటకై ముందే నునుపైన దారి పరచి, తరువాత ఇసుక, ఇనుము, కాంక్రీటు లారీలను దానిపై నడుపుట ఎంత నష్టమో దీనినిబట్టి గ్రహింపవచ్చును. ఆపై మంచినీటి గొట్టములకును, మురుగు కాలువకును, తీగలకును దారిని త్రవ్వుదురు. అతుకుల వద్దనే నీరు ముందుగా ప్రవేశించును. గొట్టములు ముందు, పై పూత చివర అనునది సరియైన వరుస.

ఈ నష్టము ఎవరి నెత్తిన పడును? పూర్వము కొన్నవారే భరింపవలసివచ్చెడిది. 2016లో పార్లమెంటు చేసిన స్థిరాస్తి చట్టము లోపలి దారులను, కాలిబాటలను, కాలువలను అభివృద్ధి పనులలో చేర్చినది. స్వాధీనము చేసిన తేదీనుండి ఐదేండ్లలోపల పనితనములోగాని నాణ్యములోగాని లోపము బయటపడి, ఆ సంగతి తెలియజేసినచో, నిర్మాత 30 దినములలో ఉచితముగా సరిచేయవలెను. కావున కొనువాడు అడుగవలసినవి కొన్ని కలవు: అడుగునేల పరీక్ష ఫలితమెంత? కంకరపొరల మందమెంత? గొట్టములు వేసిరా? కాలువ చివర ఏ చెరువునకు, ఏ నాలాకు కలియును?

కడపటి ప్రశ్న ఒక్క స్థలమునకు పరిమితమైనది కాదు. మొరమునేల త్రాగు నీటిని తారుగాని కాంక్రీటుగాని త్రాగవు. అది పల్లమునకే పరుగెత్తును. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్కనాడు 24 సెంటీమీటర్లకు పైగా వాన పడినప్పుడు నగరము ఈ పాఠమును నేర్చుకొనినది. ఎగువవాని దారి నుండి వచ్చు నీరు దిగువవాని ఇంటిలోనికి చేరకుండవలెనన్న, చెరువులను, నాలాలను పదిలపరచుటయు దారి నిర్మాణములో భాగమే. రెండు శతాబ్దుల క్రిందట మకాడమ్ నేలను పొడిగా ఉంచుడని చెప్పెను. ఆ మాట పాటించిన దారిపైననే, దాని ప్రక్కన కొన్న స్థలము వెల నిలుచును.