తడి ఆరితే కరెంటు ఆగే పొర

హనుమకొండ సుబేదారిలో 1886 నాటి బంగళా ఒకటి ఇప్పటికీ నిలబడి ఉంది. నిజాం రాజ్యంలో వరంగల్ సుబాకు అధికారి అయిన సుబేదారు ఉండేది అందులోనే. ఆయన కొలువు వల్లే ఈ పేటకు ఆ పేరు వచ్చింది. సుబాలు పోయాక బంగళా కలెక్టర్లకు దక్కింది. సుబేదారు, ఆయన దఫ్తరు పోయి పేటకు పేరు మాత్రం మిగిలింది.

కరెంటు లేని రోజుల్లో ఇలాంటి బంగళాలను ఎండాకాలం కాపాడింది వట్టివేళ్ల తడకలు. తలుపులకు, కిటికీలకు వాటిని వేలాడదీసి, నీళ్లు చల్లుతూ ఉండటానికి ఒక మనిషిని పెట్టేవారు. బయటి వడగాలి తడి వేళ్ల మధ్య నుంచి దూరి లోపలికి వచ్చేసరికి చల్లబడేది. నీరు ఆవిరవుతూ గాలిలోని వేడిని పట్టుకుపోతుంది, అంతే. నీళ్లు చల్లే మనిషి కాసేపు కునుకు తీశాడంటే తడక ఎండుగడ్డి అయిపోయేది, గది కొలిమి అయ్యేది.

ఆ బంగళా కట్టిన మూడేళ్లకు, 1889లో, ఇంగ్లండులో లుడ్విగ్ మాండ్, కార్ల్ లాంగర్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు మరో రకం తడి పొరతో ప్రయోగం చేశారు. సన్నటి రంధ్రాలున్న పలకను పలుచటి గంధకామ్లంలో నానబెట్టి, ఒక పక్క హైడ్రోజన్, మరో పక్క ఆక్సిజన్ పంపారు. పొయ్యి లేదు, మంట లేదు, తిరిగే చక్రం లేదు. అయినా కరెంటు వచ్చింది. ఆలోచన అప్పటికే పాతది. 1839లోనే వేల్స్‌కు చెందిన విలియం గ్రోవ్ ప్లాటినం రేకులను ఆమ్లంలో ముంచి ఈ రెండు వాయువులతో విద్యుత్తు పుట్టించి చూపాడు. గ్రోవ్ వృత్తికి వకీలు, తర్వాత జడ్జి కూడా అయ్యాడు. 

గ్రోవ్ గాజుగొట్టాల్లో ఆమ్లం నిండా ఉండేది. దాన్ని నానిన పలకలోకి ఇమడ్చడమే మాండ్, లాంగర్‌ల తెలివి. ఇలా వాయువులను కలిపి కరెంటు పుట్టించే పరికరమే ఫ్యూయల్ సెల్. దాని చరిత్రలో అక్కడి నుంచి నడిచిన గొడవంతా ఆ తడి గురించే.

1955లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేసే థామస్ గ్రబ్ ఆమ్లం పోసే పనే లేకుండా చేశాడు. ఆమ్ల గుణాన్ని తనలోనే ఇముడ్చుకున్న ప్లాస్టిక్ పొరను వాడాడు. 1958లో అదే కంపెనీకి చెందిన లియొనార్డ్ నీడ్రాక్ ఆ పొర మీద ప్లాటినం అద్దే పద్ధతి కనిపెట్టాడు.   

పొర పనితీరు సూటిగా ఇదీ. హైడ్రోజన్ ప్లాటినాన్ని తాకగానే ప్రోటాన్, ఎలక్ట్రాన్‌గా విడిపోతుంది. పొర ప్రోటాన్‌కే దారి ఇస్తుంది. ఎలక్ట్రాన్ తీగ గుండా చుట్టూ తిరిగి పోవాలి. ఆ చుట్టు తిరుగుడే కరెంటు. అవతల రెండూ ఆక్సిజన్‌తో కలిసి నీరవుతాయి. అయితే పొరలో ప్రోటాన్ నడవాలంటే నీళ్లు ఉండాలి. వాగులో రాళ్ల మీద అడుగులేస్తూ దాటినట్టు అది నీటి అణువుల మీదుగా దాటుతుంది. ఎండిన పొరలో కాలు పెట్టే చోటు దొరకదు. వాహకత ఒక్కసారిగా పడిపోతుంది.

మనుషుల ప్రాణాలు ఈ పొర మీద ఆధారపడిన మొదటి సందర్భం 1965 ఆగస్టులో వచ్చింది. అమెరికా అంతరిక్ష నౌక జెమిని-5లో గోర్డన్ కూపర్, పీట్ కాన్రాడ్ ఎనిమిది రోజులు భూమి చుట్టూ తిరిగారు. నౌకకు కరెంటు ఇచ్చిన ఫ్యూయల్ సెల్స్ ఒక్కో కట్టలో 32. పుట్టిన నీళ్లు సెల్‌ను ముంచెత్తకుండా తోడేయడానికి ఇంజనీర్లు వాడింది వత్తులు! దీపం వత్తి నూనెను పైకి లాగినట్టు, గుడ్డ వత్తులు నీటిని పీల్చి బయటికి చేరవేశాయి. బరువన్నదే లేని చోట నీరు దానంతటది కిందికి జారదు మరి. ప్రయాణం మొదలైన కొద్ది గంటలకే సెల్స్‌కు ఆక్సిజన్ ఇచ్చే ట్యాంకును వేడి చేసే హీటర్ చెడిపోయి, పీడనం దారుణంగా పడిపోయింది. యాత్రికులు నౌకలోని చాలా పరికరాలను ఆపేసి కూర్చున్నారు. నెమ్మదిగా పీడనం కోలుకుంది, ప్రయాణం సాగింది.

ఆ తొలి పొరలు ఎక్కువ కాలం మన్నలేదు. 1960ల్లోనే డ్యూపాంట్ కంపెనీలో వాల్టర్ గ్రోట్ తయారుచేసిన నాఫియాన్ వాటి స్థానాన్ని ఆక్రమించింది. దోసె పెనాలకు పూసే టెఫ్లాన్‌కు ఇది దగ్గరి చుట్టం. టెఫ్లాన్ గొలుసుకు అక్కడక్కడా గంధకామ్లపు కొసలు తగిలించినట్టు ఉంటుంది. 1991లో లాస్ అలమోస్ ప్రయోగశాలకు చెందిన స్ప్రింగర్, జావోడ్జిన్‌స్కీ, గాటెస్‌ఫెల్డ్ ఈ పొర నీళ్ల లెక్క తేల్చారు. 30 డిగ్రీల దగ్గర, ఆవిరితో నిండిన గాలిలో ఒక్కో ఆమ్లపు కొస 14 నీటి అణువులను పట్టి ఉంచుతుంది. నీళ్లలోనే ముంచితే 22. ఆ సంఖ్యతో పాటే వాహకతా పెరుగుతుంది. వేడి పెరిగినా పెరుగుతుంది, తడి ఆరనంత వరకూ.

చిక్కంతా అక్కడే. సెల్ 0.65 వోల్టుల దగ్గర పనిచేస్తుంటే, 100 వాట్ల కరెంటుకు ఇంచుమించు 125 వాట్ల వేడి పుడుతుంది. పొరేమో వేడికి మంచి వాహకం కాదు, రాగితో పోలిస్తే దాదాపు రెండు వేలో వంతు. కాబట్టి పుట్టిన వేడి పక్కనున్న కార్బన్ కాగితం గుండా, గ్రాఫైట్ లేదా లోహపు పలకల్లోకి దిగి, వాటిలో పారే నీటితో బయటికి పోవాలి. సెల్ నడిచే 80 డిగ్రీల దగ్గర, తడితో నిండిన గాలి పీడనంలో సగానికి కాస్త తక్కువ వాటా ఆవిరిదే. పొడిగాలి లోపలికి వస్తే అంత తడిని పొర నుంచే పీల్చేసుకుంటుంది. ఎక్కువ నీరు ఉంటేనో, గాలి దారులు మునిగి ఆక్సిజన్ అందదు.

తెలుగు నేల మీద ఈ కథ మొదట మరో దారిలో నడిచింది. హైదరాబాద్‌లోని భెల్ పరిశోధన విభాగం నీటి మీద ఆధారపడని ఫాస్ఫారిక్ ఆమ్లపు సెల్‌ను ఎంచుకుని 50 కిలోవాట్ల స్థాయి దాకా తీసుకెళ్లింది. బాలాపూర్‌లో కేంద్రంగా ఉన్న ఏఆర్‌సీఐ సంస్థ పాలిమర్ పొరల పనిని తన చెన్నై విభాగంలో చేపట్టింది. 2024 జనవరి 1న శ్రీహరికోట నుంచి ఎగిరిన పీఎస్‌ఎల్‌వీ-సీ58 నాలుగో దశలో ఇస్రో ఒక పాలిమర్ పొర ఫ్యూయల్ సెల్‌ను అమర్చింది. 350 కిలోమీటర్ల ఎత్తున అది 180 వాట్లు ఇచ్చింది. ఓ ఇంట్లో రెండు మూడు సీలింగ్ ఫ్యాన్లు తిరగడానికి సరిపోయే కరెంటు.

నేల మీద, ఫ్యూయల్ సెల్‌ను కారులో పెడితే, వరంగల్ ఎండ వేరే పరీక్ష పెడుతుంది. పెట్రోలు ఇంజన్ తన వేడిలో పెద్ద వాటాను పొగగొట్టం నుంచే వదిలించుకుంటుంది. ఫ్యూయల్ సెల్‌కు ఆ వెసులుబాటు లేదు, దాదాపు అంతా రేడియేటర్ మోయాల్సిందే. బయట 25 డిగ్రీలుంటే 80 డిగ్రీల సెల్‌కూ గాలికీ మధ్య 55 డిగ్రీల తేడా దొరుకుతుంది. మే మధ్యాహ్నం 45 డిగ్రీలకు చేరితే మిగిలేది 35. అంతే వేడిని దించాలంటే రేడియేటర్ ఒకటిన్నర రెట్లకు పైగా పెరగాలి. వేడి సంగతి అలా ఉంటే, తడి విషయంలో మాత్రం 2014లో వచ్చిన టయోటా మిరాయ్ ఫ్యూయల్ సెల్ కారు గాలిని తడిపే పరికరాన్ని తీసేయగలిగింది. సెల్‌లో పుట్టిన నీటినే లోపల తిప్పి పొరను తడిపే ఏర్పాటు అందులో ఉంది.

సుబేదారి ఇళ్ల కిటికీల్లో ఇప్పుడు వట్టివేళ్ల తడకల బదులు ఎయిర్ కూలర్లున్నాయి. వాటి గడ్డి ప్యాడ్లను తడిపే చిన్న మోటారు తిరిగేది, ఇక్కడికి దగ్గర్లోనే నక్కలగుట్టలో ప్రధాన కార్యాలయమున్న విద్యుత్ పంపిణీ సంస్థ ఇచ్చే కరెంటుతో. అది పోయిన మధ్యాహ్నాల్లో ఇంట్లో ఎవరో ఒకరు చెంబు పట్టుకుని లేచి ప్యాడ్ల మీద నీళ్లు చిలకరిస్తారు.